నూకరత్నం నడుమూ, మావగారి తక్కెడా

కందులగరువులో అబ్బులు ఇంటి నిండా తెలివే. ఎంత తెలివంటే, ధాన్యం పోసుకోవడానికి కూడా చోటు మిగల్లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, అబ్బులే అన్నాడు. "ఎవరేం చెప్పినా దానికి మనం ఒక్క అక్షరం కలపం, ఒక్క అక్షరం తియ్యం. తెలివంటే అదీ," అని రోజూ పళ్ళు తోముకుంటూ చెప్పేవాడు. కొడుకు కొండబాబు నోట్లోంచి వేపపుల్ల తీసి ఔననేవాడు. భార్య మంగాయమ్మ వంటింట్లోంచి ఔననేది. కాదనడానికి కోడలు నూకరత్నం ఒకతి ఉంది గానీ, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

రత్నానికి తల్లి లేదు. అందుకని తొలికాన్పు అత్తారింట్లోనే జరిగింది. పండంటి ఆడపిల్ల. పాప బాగానే ఉంది, రత్నం నడుమే పట్టేసింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పాలివ్వడానికి పాపను ఒళ్ళోకి తీసుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇరవయ్యొకటో రోజున బారసాల. ఆ రోజు పాపను తన చేతులతో ఎత్తి ఉయ్యాల్లో వెయ్యాలని రత్నం కోరిక. తన తల్లి తనను అలాగే వేసిందట. పదిమందిలో నడుం పట్టుకుని "మీరే వెయ్యండి" అనాల్సి వస్తుందేమోనని ఆవిడ దిగులు.

నర్సమ్మ రూతమ్మ వచ్చి చూసింది.

"కాన్పయ్యాక నడుంనొప్పి చాలామందికి వస్తుందండీ, నెమ్మదిగా తగ్గుతుంది. నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. నేల మీదికి వంగనివ్వకండి. పాలిచ్చేటప్పుడు నడుం వెనక దిండు పెట్టండి. రబ్బరు సంచీలో వేణ్ణీళ్ళు పోసి, గుడ్డ చుట్టి కాపడం పెట్టండి, చల్లారితే మళ్ళీ వేడిచెయ్యండి. పాప కంటే బరువైంది ఏదీ ఎత్తనివ్వకండి."

"ఆయ్," అన్నాడు అబ్బులు. నాలుగు మాటలూ సుద్దముక్కతో తలుపు మీద రాసుకున్నాడు. వెళ్ళే ముందు రత్నానికి పాపను ఎలా ఎత్తుకోవాలో చేసి చూపించింది రూతమ్మ. నడుం వంచకుండా మోకాళ్ళు మడవాలి, పాపను గుండెకు ఆనించుకుని లేవాలి. "మీరూ కాస్త పని అందుకోండి" అని అయిదో మాట కూడా చెబుదామనుకుంది. ఇంత శ్రద్ధగా రాసుకునేవాళ్ళకి అది వేరే చెప్పాలా అని ఊరుకుంది. ఆవిడ చేసిన పొరపాటల్లా అదొక్కటే.

"నేల మీదికి వంగకపోతే కోడలు ఇల్లెలా ఊడుస్తుంది?" అంది మంగాయమ్మ.

ముగ్గురూ తలుపు చదివారు. ఇంకొకరు ఊడవొచ్చని దాని మీద లేదు. అంతే, కొండబాబు చీపురుకి నిలువెత్తు వెదురుకర్ర కట్టాడు. పొయ్యి బల్ల ఎక్కింది. గిన్నెలూ చెంబులూ పప్పు డబ్బాలూ అన్నీ అటక ఎక్కాయి. నేల మీద చెంచా కూడా మిగల్లేదు.

"మావయ్యా, ఉప్పు అందడం లేదు," అంది రత్నం, మునివేళ్ళ మీద నిలబడి.

"అందకపోతే పోన్లేమ్మా. వంగట్లేదు కదా."

ఇక దిండు. రత్నం పాలివ్వడానికి కూర్చోగానే కొండబాబు నడుం వెనక దిండు పెట్టాడు. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. పాలిచ్చి లేచింది. దిండూ లేచింది. వంటింట్లోకి వెళితే వంటింట్లోకి వచ్చింది, పెరట్లోకి వెళితే పెరట్లోకి వచ్చింది.

"బావా, ఆ దిండు తియ్యి."

"పెట్టమని ఉంది గానీ తియ్యమని లేదే."

"పాలిచ్చేటప్పుడు పెట్టమన్నారు."

"మళ్ళీ ఎప్పుడిస్తావో నాకెలా తెలుస్తుంది?"

పక్కింటావిడ బాలింతను చూడ్డానికొచ్చి, పెళ్ళాం వెనకాలే దిండు పట్టుకు తిరుగుతున్న మొగుణ్ణి చూసి, మా ఆయనా ఉన్నాడు ఎందుకూ అనుకుంటూ వెళ్ళిపోయింది.

మంగాయమ్మ తక్కువ తిందా? కాపడం పెట్టింది. సంచీ చల్లారింది. చల్లారితే మళ్ళీ వేడిచెయ్యమన్నారు, పాత నీళ్ళు పారబొయ్యమనలేదు. అంతే, నీళ్ళతో సహా సంచీని తీసుకెళ్ళి పెనం మీద పెట్టింది. ఇంకేముంది, చుయ్యిమంది, కారింది, పొయ్యి ఆరింది, వీధంతా కాలిన రబ్బరు కంపు.

"ఏం వండుతున్నావు వదినా?" అని ఎదురింట్లోంచి అడిగారు.

"కాపడం," అంది మంగాయమ్మ, తల ఎగరేసి.

ఇవన్నీ చిల్లర తెలివితేటలు. నాలుగో మాట దగ్గర గానీ అబ్బులు ఎంతటివాడో తెలియలేదు. ధాన్యం తూచే తక్కెడ తెచ్చి వసారా దూలానికి కట్టాడు. ఒక పళ్ళెంలో పాపను పడుకోబెట్టాడు. రెండో దాంట్లో నీళ్ళబిందె పెట్టాడు. పాప పైకి లేచింది.

"బిందె ఎత్తకూడదు," అని తీర్పు చెప్పాడు.

చెంబు పెట్టాడు. పాప కిందికి దిగింది.

"చెంబు ఎత్తొచ్చు. రత్నం, బిందెడు నీళ్ళూ చెంబులతో తెచ్చేసుకో. నర్సమ్మ మాట దాటినట్టూ ఉండదు, నీళ్ళు వచ్చినట్టూ ఉంటుంది."

అంతే, బాలింత నూతికీ ఇంటికీ ఇరవైసార్లు తిరిగింది. వెనకాల దిండూ ఇరవైసార్లు తిరిగింది. సాయంత్రానికి రత్నం నడుం విల్లులా వంగిపోయింది. బారసాలకి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. గడప మీద కూలబడి ఏడుద్దామనుకుంది. ఏడిస్తే వీళ్ళు కన్నీళ్ళు కూడా తూస్తారని మానుకుంది. అప్పుడు తక్కెడ వైపు చూసింది.

"మావయ్యా, పాప ఇందాకే పక్క తడిపింది. పొద్దున్నున్న బరువే ఇప్పుడూ ఉంటుందంటారా?"

అబ్బులు ఉలిక్కిపడ్డాడు. "ఉండదు. నిజమే. ఎత్తే ముందు ప్రతిసారీ తూచాల్సిందే."

"తూచాలంటే ఏ వస్తువైనా తక్కెడ దాకా ఎవరో ఎత్తుకురావాలి. తూచకుండా నేనెలా ఎత్తను?"

"నువ్వెలా ఎత్తుతావమ్మా? మేమే ఎత్తాలి. ఆమాత్రం తెలీదూ?"

ఇంకేముంది, మర్నాటి నుంచీ కొండబాబు నూతి దగ్గర్నుంచి బిందె మోసుకొచ్చి తక్కెడలో పెట్టేవాడు.

"బరువే రత్నం. నువ్వెత్తకూడదు."

"అయ్యో. పోనీ వంటింట్లో దింపెయ్యి బావా."

బియ్యమూ అంతే, కట్టెలూ అంతే, తడిబట్టలూ అంతే. వెదురుకర్రతో కలిపి చీపురు కూడా పాపను మించి తూగింది. మావగారే ఊడవాల్సి వచ్చింది. బల్ల మీది అన్నం డేగిసా కూడా బరువే అని తేలింది. అత్తగారు గరిటె పట్టింది. పనంతా చేస్తూ, తూకం వేస్తున్నామనే ముగ్గురూ అనుకున్నారు. పాపకి తక్కెడే ఉయ్యాలయింది, హాయిగా నిద్రపోయేది. రత్నం వెన్ను వాల్చింది, పెరట్లో నాలుగడుగులు నడిచింది, రూతమ్మ చూపించినట్టు మోకాళ్ళు మడిచి లేవడం అలవాటు చేసుకుంది. ఆరు రోజుల్లో నొప్పి సగానికి పైగా తగ్గింది.

బారసాలకి పేరంటాళ్ళు వచ్చారు. పాపకి పట్టుగౌను వేసి, కాళ్ళకి వెండి కడియాలు పెట్టారు. రత్నం పాపను ఎత్తుకోబోయింది.

"ఆగమ్మా," అన్నాడు అబ్బులు. "పాప కంటే బరువైంది ఎత్తకూడదు. ఈ పాపకి కడియాలున్నాయి."

పేరంటాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అబ్బులు కడియాల పాపను ఒక పళ్ళెంలో పెట్టాడు. రెండో పళ్ళెంలో కడియాలు లేని పాపను పెట్టాలి. కొండబాబు చంకలో దిండు పెట్టుకుని ఇల్లంతా వెతికొచ్చాడు.

"నాన్నా, మనకి ఒక్క పాపే ఉన్నట్టుంది."

"అందుకే తెలివుండాలనేది. కడియాలు తీసేసి, దాన్నే అటు మార్చు. త్వరగా."

మార్చాడు. పాప ఉన్న వైపే పళ్ళెం దిగింది. మళ్ళీ కడియాలు తొడిగి ఇటు పెట్టాడు. ఇటే దిగింది.

"చూశారా," అన్నాడు అబ్బులు పేరంటాళ్ళతో. "ఎటు పెట్టినా పాపే బరువు. ఈ పాప పాప కంటే బరువు. ఎత్తకూడదు."

"అయితే ఇంకో పాప పుట్టేదాకా ఆగుదాం," అంది మంగాయమ్మ. "అప్పుడు అటొకర్నీ ఇటొకర్నీ పెట్టొచ్చు."

ఆ మాట విన్నాక రత్నం ఇంక ఆగలేదు. తక్కెడ దగ్గరికొచ్చి, మోకాళ్ళు మడిచి, పాపను గుండెకు ఆనించుకుని లేచింది. నడుం కలుక్కుమనలేదు. కడియాల పాపతో నాలుగడుగులు నడిచి, తన చేతులతో ఉయ్యాల్లో వేసింది. పేరంటాళ్ళు పాట అందుకున్నారు.

వసారాలో ముగ్గురూ తక్కెడ మీంచి కళ్ళు తిప్పనేలేదు. రెండు పళ్ళాలూ ఖాళీగా ఊగి ఊగి ఆగాయి. ముల్లు సరిగ్గా మధ్యన నిలబడింది.

"సమానం," అన్నాడు అబ్బులు చెమట తుడుచుకుంటూ. "రత్నం, ఇప్పుడు ఎత్తొచ్చమ్మా."