రాయిని పొదిగిన మామయ్య

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక పాత పుట్ట. పుట్టలో ఒక సగం చెదపురుగులది, రెండో సగం ముంగిసలది. ఆ ముంగిసల్లో అందరికంటే చురుకైనవాడు వేగిరయ్య. పేరుకు తగ్గట్టే వాడికి కాలు ఒకచోట నిలిచేది కాదు.

ముంగిసలకు ఒక కట్టుబాటు ఉంది పిల్లలూ. పెద్దలంతా వేటకు వెళ్ళినా, ఒకరు మాత్రం పుట్ట దగ్గరే ఉండి పసివాళ్ళను చూసుకోవాలి. దాన్ని పిల్లకాపు అంటారు. అందరికీ వంతులుంటాయి.

తొలకరి వాన పడగానే నేలలోంచి రెక్కలొచ్చిన చెదపురుగులు, అవే ఉసిళ్ళు, లేస్తాయి కదా! ముంగిసలకు అంతకన్నా పెద్ద విందు లేదు. ఆ రోజు ఎవరు ఎక్కువ ఉసిళ్ళు పడితే, ఏడాది పొడవునా వేటలో ముందు నడిచేది వాళ్ళే. పోయినేడు ఆ గౌరవం వేగిరయ్యది. ఈ ఏడూ తనదేనని మీసాలు దువ్వుకుంటూ తిరుగుతున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. కొండ అవతల ఉరిమింది. గాలిలో తడిమట్టి వాసన తేలివచ్చింది. అందరికంటే ముందు వేగిరయ్యే బయటికి దూకాడు.

"ఒరేయ్, ఆగు! ఇవాళ కాపు వంతు నీది," అంది వాళ్ళక్క మల్లి.

"ఇవాళా? కావాలంటే వచ్చే నెలంతా నేనే ఉంటానక్కా. ఈ ఒక్కరోజూ వదిలెయ్యవే!"

"వంతంటే వంతే. నా పిల్లలు జాగ్రత్త," అని మల్లి మిగతావాళ్ళతో వాన పడుతున్న కొండ అవతలికి వెళ్ళిపోయింది.

మల్లికి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు బొండు, రెండోది తుర్రి, అందరికంటే చిన్నది ఆవగింజ. ముగ్గురూ మామయ్య చుట్టూ చేరి, "ఆడుకుందాం, ఆడుకుందాం!" అని తోక పట్టుకు లాగారు.

"నా ఖర్మ!" అనుకున్నాడు వేగిరయ్య. వీళ్ళను ఎలాగో ఏమార్చి, కొండ అవతలికి ఒక్క పరుగు తీద్దామని వాడి ఆలోచన.

ముందు నిద్రపుచ్చాలని చూశాడు. "ఎవరు ముందు నిద్రపోతే వాళ్ళే గెలిచినట్టు," అన్నాడు. ముగ్గురూ గట్టిగా కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తుర్రి ఒక కన్ను తెరిచి, "మామయ్యా, నేను నిద్రపోయానా?" అని అడిగింది.

తరువాత భయపెట్టి చూశాడు. "బొరియలోంచి బయటికొస్తే గద్ద ఎత్తుకుపోతుంది," అన్నాడు. "నేనే గద్దని!" అని అరుస్తూ బొండు మామయ్య వీపు మీదికి దూకాడు.

ఇక మూడోసారి పెద్ద ఎత్తే వేశాడు. ముంగిస గుడ్డును ఎలా పగలగొడుతుందో తెలుసా? వెనక్కి తిరిగి, కాళ్ళ సందులోంచి బండకేసి విసురుతుంది. వేగిరయ్య గుండ్రని తెల్లరాయి ఒకటి వెతికి తెచ్చి, "ఇదిగో గుడ్డు. పగిలేదాకా ఒకరి తరువాత ఒకరు విసరండి," అన్నాడు. రాయి పగిలేదెప్పుడు, వీళ్ళు ఆపేదెప్పుడు! లోలోపల నవ్వుకుంటూ కొండదారి పట్టాడు.

వెనకాల టక్, టక్ మని చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

వేగిరయ్య చటుక్కున వెనక్కి తిరిగాడు. నిజంగానే గద్ద వచ్చిందా? ఒక్క ఉరుకున వెనక్కి వచ్చి చూశాడు.

ఆవగింజ ఆ రాయిని పొట్ట కింద పెట్టుకుని పడుకుంది. "ఇంక కొట్టొద్దు. లోపల పిట్ట నిద్రపోతోంది," అంటోంది గుసగుసగా. బొండూ తుర్రీ ఊపిరి బిగబట్టి చెరోపక్క ఒదిగి కూర్చున్నారు.

వేగిరయ్య ఇన్నేళ్ళలో ఎన్ని గుడ్లు తిన్నాడో లెక్కలేదు. లోపల ఎవరో నిద్రపోతుంటారని ఒక్కనాడూ తోచలేదు.

"వచ్చావా మామయ్యా! నీ పొట్ట పెద్దది. నువ్వు పొదుగు," అంది ఆవగింజ.

కొండ అవతల మళ్ళీ ఉరిమింది. ఇప్పుడు పరిగెత్తినా వేళకు అందుకోవచ్చు. వేగిరయ్య కొండవైపు చూశాడు. తనకోసం పక్కకు జరిగిన ఆ చిట్టి పిల్లవైపు చూశాడు. వచ్చి రాయి మీద బోర్లా పడుకున్నాడు.

ఇక చూడాలి ఆ సంబరం! తుర్రి గడ్డి తెచ్చి మామయ్య చుట్టూ గూడు కట్టింది. బొండు గద్దలు రాకుండా కాపలా కాశాడు. ఆవగింజ గుడ్డుకు జోల పాడింది. నవ్వితే పిట్ట లేస్తుందని నవ్వు ఆపుకోబోయి వేగిరయ్య పొట్ట చెక్కలైంది. వేట మాటే మరిచిపోయాడు.

ఇంతలో వాన కొండ దాటి ఇటే వచ్చింది. ఆ పసివాళ్ళకు అదే మొదటి వాన. "మామయ్యా, పైనుంచి నన్నెవరో ముట్టుకున్నారు!" అంది తుర్రి.

వాన వెలిసింది. సాయంకాలపు ఎండ వచ్చింది. పుట్టలో చెదపురుగుల వైపు మట్టి మెల్లగా విచ్చుకుంది. అందులోంచి ఒక రెక్క. ఇంకో రెక్క. ఆపైన వందలు, వేలు. ఉసిళ్ళు తళతళా మెరుస్తూ పైకి లేచాయి.

"మన పిట్టలు! మామయ్యా, మన పిట్టలు!" అని ఆవగింజ ఎగిరి గంతేసింది.

వేగిరయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఏటేటా వీటినే కదా తిన్నాడు! మింగే తొందరలో ఒక్కసారైనా తలెత్తి చూడలేదు. ఇంత వెలుగు నేలలోంచి పుడుతుందని వాడికి తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆఖరి రెక్క ఆకాశంలో కలిసిపోయేదాకా నలుగురూ అలాగే చూస్తూ నిలబడ్డారు.

పొద్దుగూకే వేళకు పెద్దలంతా తిరిగొచ్చారు.

"పాపం, ఈ ఏడు సింగడు గెలిచాడురా. రేపటినుంచి వాడే ముందు నడుస్తాడు," అంది మల్లి జాలిగా. "నువ్వు ఒక్క ఉసిలైనా రుచి చూడలేదు కదూ?"

"చూడలేదక్కా," అన్నాడు వేగిరయ్య, ఒళ్ళో నిద్రపోతున్న ఆవగింజ లేస్తుందేమోనని గొంతు తగ్గించి. "రేపు కాపు వంతు ఎవరిది?"

"బాబాయిది. ఏం?"

"బాబాయిని వేటకు పొమ్మను. రేపు కూడా నేనే ఉంటాను."

నీతి: పసివాళ్ళతో మనసుపెట్టి ఆడుకునేవాళ్ళకు, ఎప్పుడూ చూసే లోకమే మొదటిసారి చూసినంత గొప్పగా కనబడుతుంది.