రెండాకుల మధ్య

కూర్మయ్య మాస్టారిని ప్రశ్న అడగాలంటే ముందు ఆయనింట్లో అన్నం తినాలి. అది ఆయన పెట్టుకున్న నియమం. ఆకలి మీద ఉన్నవాడి ప్రశ్నలో సగం ఆకలిదేననీ, ఆ సగం తీసేశాక మిగిలినదానికి జవాబు చెబితే చాలనీ అనేవారు. తిన్నాక ఆకులు కూడా ఆయనే ఎత్తేవారు. "మాస్టారూ, నా ఎంగిలాకు మీరెత్తడమేమిటండీ" అని వచ్చినవాళ్ళు లబోదిబోమన్నా వినిపించుకునేవారు కాదు. ఎత్తిన ఆకుల్ని పెరట్లో గేదె ముందు వేసి, అది నమలడం మొదలుపెట్టాక వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ఆయన ఇల్లు పాలకొండ దాటి కొండల వైపు పోయే దారిలో ఉంది. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాక కూడా జనం ఆయన దగ్గరికి పాఠానికి వస్తూనే ఉన్నారు. కాకపోతే ఇప్పుడొచ్చే పిల్లలకి జుట్టు నెరిసింది, కొందరికి అదీ లేదు.

అలా వచ్చేవాళ్ళలో గౌరునాయుడొకడు. మనిషి మంచివాడు. ఈ మాట ముందే చెప్పడమెందుకంటే, కథ సాగేకొద్దీ మీకు అనుమానం రావచ్చు. ఒకప్పుడతనికి పాలకొండలో పార్సిలు భోజనాల కొట్టుండేది. అన్నం థర్మోకోల్ డబ్బాల్లో, సాంబారు పాలిథీన్ కవర్లలో కట్టి ఇచ్చేవాడు. ఒకరోజు సొంత ఇంటి ఆవు కడుపుబ్బి చచ్చిపోయింది. పశువుల డాక్టరు దాని పొట్ట కోసి తీసిన ముద్దలో, గౌరునాయుడు కొట్టు పేరు అచ్చేసిన కవర్లే కనబడ్డాయి. నెల తిరక్కుండా కొట్టు మూసేసి, ఊరి చివర షెడ్డు వేసి, అడ్డాకుతో పార్సిలు పెట్టెలు చేయించడం మొదలుపెట్టాడు.

అడ్డాకు తెలియనివాళ్ళు మా వైపు లేరు. కొండ మీద తీగకు వచ్చే వెడల్పాటి ఆకు. కొండ ఆడవాళ్ళు కోసుకొచ్చి, ఆరబెట్టి, పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేస్తారు. గౌరునాయుడు ఆకు మీద ఆకు వేసి అదే కుట్టు కుట్టించి, వేడి మూసలో అదిమి, మూతతో సహా పెట్టె తయారు చేశాడు. చూడముచ్చటగా ఉండేది. మూత తీస్తే అన్నానికి ఆకు వాసన పట్టి, తినేవాడికి ఎక్కడో పెళ్ళి పంక్తిలో కూర్చున్నట్టుండేది. ఆకు కోసేవాళ్ళూ కుట్టేవాళ్ళూ కలిసి మూడు కొండ ఊళ్ళ ఆడవాళ్ళకి ఆ షెడ్డు ఆధారమైంది.

చిక్కల్లా పులుసుతో వచ్చింది. అన్నం, వేపుడు, పులిహోర దాకా ఆ పెట్టెకి ఎదురులేదు. పులుసు పోస్తే మాత్రం కుట్టు దగ్గర చెమ్మ దిగేది. విశాఖపట్నంలో దాన్ని వాడి చూసిన హోటలాయన ఫోను చేసి, పార్సిలు తీసుకెళ్ళిన కస్టమరు చొక్కా మీద పులుసు పడిందని ఒంటికాలి మీద లేచాడు. గౌరునాయుడు మైనం పూయించి చూశాడు, వేడికి కరిగిపోయింది. మెంతిపిండి జిగురు పట్టించి చూశాడు, బూజు పట్టింది. చివరికి మూస అమ్మినవాడు వచ్చి, "రెండాకుల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర వేసి అదమండి సార్, ఎవరికీ కనబడదు" అన్నాడు. గౌరునాయుడు వాణ్ణి తిట్టి పంపించేశాడు. నాలుగు రోజుల తర్వాత తనే ఫోను చేసి పిలిపించాడు.

పెట్టె కారడం మానేసింది. హోటలాయన ఆనందం పట్టలేక, తన హోటళ్ళన్నిట్లోనూ ఇవే పెట్టెలన్నాడు. గురువారం ప్రారంభం, మైకులు, పేపరువాళ్ళు. మూత మీద 'ఆకు తప్ప మరేమీ లేదు' అని అచ్చేయిద్దామన్నాడు. మీ మాస్టారిని కూడా తీసుకురండి, ఆయన చేత నాలుగు మాటలు చెప్పిద్దాం అన్నాడు. గౌరునాయుడు అన్నిటికీ తలాడించాడు గానీ, ఆ చివరి మాటకి మాత్రం చూద్దామన్నాడు. తన అబద్ధం తను చెప్పుకోవడం వేరు, దాన్ని మాస్టారి నోటితో చెప్పించడం వేరు.

అందుకే మంగళవారం మధ్యాహ్నం మాస్టారింటికి వెళ్ళాడు. పిలవడానికి వెళ్ళాడో, పిలవకుండా ఉండటానికి అనుమతి అడగడానికి వెళ్ళాడో అతనికే తెలీదు. చేతిలో భోజనం పార్సిళ్ళు, తన పెట్టెల్లోనే.

"మాస్టారూ, ఇవాళ భోజనం నాదండీ. మీరు పొయ్యి వెలిగించకండి."

"వంట నీదైతే వడ్డన నాది" అని మాస్టారు పెట్టెలు తెరిచారు. వంకాయ కూర, ముద్దపప్పు, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు. ఆయన తృప్తిగా తిన్నారు. తింటూ తింటూ పులుసు పెట్టె పైకెత్తి, అడుగున వేలు రాసి చూసుకున్నారు.

"ఒక్క బొట్టు దిగలేదే! ఆకు ఇంత పులుసు ఆపుతుందని నాకు తెలీదు నాయుడూ."

గౌరునాయుడు చేతిలోని ముద్ద కింద పెట్టేశాడు. మంచినీళ్ళు తాగి, దారి పొడుగునా కూర్చుకున్న ప్రశ్నని బయటికి తీశాడు. ఆ ప్రశ్నని కూడా తన పెట్టెలాగే ఎక్కడా కారకుండా గట్టిగా మూత పెట్టి తెచ్చాడు మరి.

"మాస్టారూ, ఒక మంచి పని ఉందనుకోండి. నలుగురికీ అన్నం పెట్టే పని. అది నిలబడాలంటే అందులో ఓ చిన్న అబద్ధం కలపాల్సి వచ్చిందనుకోండి. ఎవరికీ తెలీదు, ఇప్పటికిప్పుడు ఎవరికీ నష్టం లేదు. అలాంటప్పుడు అబద్ధం కలిసిందని మంచి తగ్గుతుందాండీ? లేక అంత మంచిలో పడ్డాక అబద్ధమే కరిగిపోతుందా?"

మాస్టారు చివరిదాకా విన్నారు. ప్రశ్న బాగుందన్నట్టు తల ఊపి, రెండు పెట్టెలూ చేతిలోకి తీసుకుని లేచారు. "ఉండు, ఇవి పారేసొచ్చి మాట్లాడతాను" అని పెరట్లోకి వెళ్ళారు.

గౌరునాయుడు చెయ్యి కడుక్కుంటూ, మాస్టారు తిరిగొచ్చాక ఇంకేమేం చెప్పాలో సర్దుకుంటున్నాడు. అడుగులు తడబడే పసిబిడ్డకి తల్లి చెప్పే అబద్ధాలు, ప్రాణం పోయే రోగికి డాక్టరు చెప్పే అబద్ధాలు, అన్నీ వరసగా పేర్చుకున్నాడు. ఎటునుంచి చూసినా వాదన తనవైపే ఉంది. అప్పుడు పెరట్లోంచి గేదె గొలుసు చప్పుడైంది.

ఆ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాడో! ఎంగిలాకులు ఎక్కడికి పోతాయో అతనికి తెలియని సంగతి కాదు. ఆ క్షణం దాకా గుర్తు రాలేదంతే. చెంబు ఎక్కడ పడేశాడో, గడప ఎలా దాటాడో తెలీదు. వెళ్ళేసరికి గేదె అప్పటికే పులుసు పెట్టె నోట పట్టింది. బెల్లం రుచి తగిలిందేమో, కళ్ళు సగం మూసుకుని నములుతోంది.

"వద్దే! తినకే తల్లీ! అందులో ప్లాస్టిక్ ఉందే!" అని కేకేస్తూ గౌరునాయుడు రెండో పెట్టెని కాలితో దూరంగా తన్ని, గేదె నోట్లో చెయ్యి పెట్టేశాడు.

గేదె బెదిరి తల విదిలించింది. కుడితి తొట్టి దొర్లిపోయింది. అతను పెట్టె అంచు దొరకబుచ్చుకుని లాగాడు. ఆకు చిరిగింది గానీ పెట్టె ఊడి రాలేదు. గేదె పళ్ళకీ అతని చేతికీ మధ్య ఏదో జానెడు పొడుగున సాగింది. తెల్లగా, పల్చగా, ఎండకి మెరుస్తూ. మరోసారి లాగితే మొత్తం బయటికొచ్చింది. అతని చేతి నిండా గేదె చొంగ, వేళ్ళ మీద పళ్ళ గాట్లు.

పాకలో పేడ ఎత్తుతున్న పైడమ్మ, ఆ గేదెని చూసుకునే మనిషి, తట్ట కింద పెట్టి పరుగెత్తుకొచ్చింది.

"ఏటైనాది బావూ? సూడి గేదె, అలగ మీద పడితే బెదిరిపోదేటి? ఆకే గదా, తిననీయొచ్చు గదా!"

"ఆకు కాదే పైడమ్మా" అన్నాడు గౌరునాయుడు. "పైనా కిందా ఆకు. మధ్యలోన ప్లాస్టిక్కే. నేనే వేయించాను."

పైడమ్మ అతని చేతిలో వేలాడుతున్న పొరని చూసింది, అతని మొహం చూసింది. గేదె మెడ నిమురుతూ, దాని నోరు తెరిచి వేలితో తడిమి, ఏమీ మిగల్లేదని చూసుకుని, "పోన్లే తల్లీ" అంది.

మాస్టారు ఇదంతా పక్కన నిలబడి చూస్తూనే ఉన్నారు. ఆయనకి ఆ పొర సంగతి ముందే తెలుసునా, లేక రోజూ వేసినట్టే ఆకు వేశారా అని తర్వాత నేనూ ఆరా తీశాను. పైడమ్మ తెలీదంది, మాస్టారు చెప్పలేదు. ఆయన అప్పుడు చేసిందల్లా గౌరునాయుడి చేతిలోంచి పెట్టె తీసుకోవడం. పాక గుమ్మంలో గొంతుక్కూర్చుని, పై ఆకుని గోటితో మెల్లగా ఊడదీశారు. కింది ఆకుని కూడా ఊడదీశారు. పుల్లలు ఒక్కొక్కటే లాగి పక్కన పెట్టారు. ఆకుముక్కల్ని మాత్రం తిరిగి గేదె ముందు వేశారు. అది ఒకసారి గౌరునాయుడి వైపు అనుమానంగా చూసి, తినడం మొదలుపెట్టింది.

గౌరునాయుడు అక్కడే మట్టిలో కూలబడిపోయాడు. సిగ్గు సంగతి తర్వాత, ముందు భయం పట్టుకుంది. చచ్చిపోయిన తన ఆవు, పొట్ట కోసినప్పుడు బయటపడిన ముద్ద, ఇన్నాళ్ళూ ఎక్కడో దాక్కుని ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. ఎవరికీ నష్టం లేదని ఇందాక తనే అన్నాడు. ఎవరికీ అన్న మాటలో గేదెలు లేవు గాబోలు.

చివరికి తలెత్తి మాస్టారి వైపు చూశాడు.

"మాస్టారూ, ఈ మాట చెబితే హోటలాయన ఆర్డరు ఉంచుతాడో తీసేస్తాడో తెలీదండి. తీసేస్తే కొండమీది ఆడవాళ్ళకి పనుండదు. పొర తీసేసి పులుసుకి వేరే గిన్నె పెట్టుకోమని అడగొచ్చు, ఒప్పుకుంటాడో లేదో. గురువారం అంతమందిలో నన్నేటి మాట్లాడమంటారు? ఎలా మొదలుపెట్టమంటారు?"

మాస్టారు లేచి, ఆ పల్చటి పొరని రెండు మడతలు వేసి అతని చేతిలో పెట్టారు. చెంబు తీసుకుని, గేదె కొరికిన వేళ్ళ మీద నీళ్ళు పోశారు.

"గేదెకి చెప్పేశావు కదా నాయుడూ" అన్నారు. "ఇంక మిగిలింది మనుషులే."