మౌంట్ వరుసలో చివరి మాట

సర్వర్ తన డిస్కును ఎలా వాడుకోవాలో చెప్పే మౌంట్ ఆప్షన్లను శిష్యులు తయారు చేస్తే, వాటిని రాజలింగం తెర మీద చూసేవాడు కాదు. కాగితం మీద రాసి తెమ్మనేవాడు. ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి, "ఇది పెడితే ఏం పోతది?" అని అడిగేవాడు. ఏమొస్తుందో మాత్రం ఎన్నడూ అడగలేదు. బొగ్గు గనిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఆయన పెద్దపల్లిలో ఒక మేడ మీది గదిలో సర్వర్ల పని నేర్పుతున్నాడు. ఆ ఏడు చేరినవాళ్లలో రజిత అందరికన్నా చురుకైనది. ఎల్లుండి ఒక ఆస్పత్రిలో కొత్త సర్వర్ పెట్టబోతోంది. ఏ రోగికి ఏ మందు ఎప్పుడు ఇచ్చారో అంతా అందులోనే ఉంటుంది.

ఆమె తెచ్చిన కాగితం మీద రాజలింగం వేలు ఒక్కో మాటే దాటుతూ పోయి చివరి మాట దగ్గర ఆగిపోయింది. అక్కడ 'నోబ్యారియర్' అని ఉంది. ఎండాకాలపు మధ్యాహ్నం, పైన రేకుల కప్పు. ఆయన ఆ మాటను మళ్లీ ఒకసారి చదివాడు.

"సార్, జర్నల్ ఉంది గదా," అంది రజిత. "చేయబోయే పని ముందే అందులో రాసుకుంటది కాబట్టి, కరెంటు పోయినా ఫైల్‌సిస్టమ్ తనంతట తనే సర్దుకుంటది. పైన యూపీఎస్ కూడా ఉంది. ఇంక బ్యారియర్ ఎందుకు? అది తీసేస్తే మూడింతల స్పీడొచ్చింది, నేనే కొలిచి చూసిన. ఇందుల తప్పేంది సార్?"

రాజలింగం అందరినీ మిషన్లు ఆపి కూర్చోమన్నాడు. ఆ తరువాత, అంతవరకూ ఆ గదిలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు.

పదిహేనేళ్ల కిందట ఆయన ఒక గనిలో కంప్యూటర్లు చూసుకునేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు ల్యాంప్ రూముకు వచ్చి తన నంబరున్న టోపీ లైటు తీసుకోవాలి. పైకి వచ్చాక దాన్ని అప్పజెప్పాలి. లైటు తిరిగి రాలేదంటే మనిషి భూమి లోపల ఉన్నట్టే. ఎన్నో ఏళ్లు ఇదంతా పెద్ద రిజిస్టరులో చేత్తో రాశారు. తరువాత మిషన్ వచ్చింది. లైటును దాని ముందు పెడితే టిక్కుమనేది, లోపల ఎవరెవరున్నారో మేనేజరు ఆఫీసులో తెర మీద కనపడేది.

మిషన్ బాగానే ఉంది కానీ, నెమ్మది. ఒక్కో లైటుకు మూడు నాలుగు సెకన్లు పట్టేది. షిఫ్టు మొదలయ్యే వేళకు ల్యాంప్ రూము ముందు లైను గేటు దాకా పెరిగి, కేకలు మొదలయ్యేవి. రాజలింగం వారం రోజులు కూర్చుని కారణం పట్టుకున్నాడు. డిస్కులో, కరెంటు ఉన్నంతసేపే నిలిచే చిన్న మెమరీ ఒకటి ఉంటుంది. రాయమని ఇచ్చినదాన్ని డిస్కు ముందు అందులో పెట్టుకుని, అప్పుడే "రాసేశాను" అంటుంది. నిజంగా లోపల తిరిగే పళ్లెం మీద రాయడం ఆ తరువాత. బ్యారియర్ ఉన్నంతకాలం, డిస్కులో ఫైళ్లను సర్దే ఫైల్‌సిస్టమ్ ఆ మాటను నమ్మదు, పళ్లెం మీద పడిందా అని అడిగి, పడేదాకా ఆగుతుంది. ఆ ఆగడమే లైనుకు కారణం. రాజలింగం మౌంట్ వరుస చివర 'నోబ్యారియర్' అని ఒక్క మాట చేర్చాడు. మర్నాటి నుంచి లైటు పెట్టడం, టిక్కుమనడం ఒక్కసారే అయ్యాయి. లైను కరిగిపోయింది. మేనేజరు సత్యవర్ధన్ గారు నలుగురిలో ఆయన భుజం తట్టారు. "ఇంక రిజిస్టరెందుకు సార్, దండగ," అని ఆ సంతోషంలో అన్నది కూడా రాజలింగమే. రిజిస్టరు బీరువాలోకి పోయింది.

రెండు నెలలు ఏమీ కాలేదు.

వానలు మొదలైన కొత్తలో ఒక గురువారం, పొద్దున పది కావస్తుండగా గని మీద కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పటి నుంచో ఉబ్బి ఉన్నాయి. ఆ క్షణాన్ని అవి మోయలేకపోయాయి. సర్వర్ ఆరిపోయి మళ్లీ లేచింది. రాజలింగం వెళ్లి చూసేసరికి తెర మీద పేర్లన్నీ వరుసగా ఉన్నాయి. ఫైల్‌సిస్టమ్ ఒక్క తప్పు కూడా చూపలేదు. ఆయన టీ తాగడానికి వెళ్లాడు.

మధ్యాహ్నం రెండు దాటాక లోపలి నుంచి ఫోను వచ్చింది. బొగ్గు తవ్వే భాగాల్లో ఒకటైన మూడో ప్యానెల్‌లో బొగ్గు తనంతట తనే వేడెక్కుతోంది. రంగూ వాసనా లేని విషపు గాలి గంటగంటకూ పెరుగుతోంది. ఇలాంటప్పుడు చేసేది ఒక్కటే. మనుషులందరినీ పైకి రప్పించి, ఆ ప్యానెల్‌కు పోయే దారులన్నిటికీ గోడలు కట్టి, గాలి ఆడకుండా మూసేయాలి. మూసేశాక ఆ గోడల వెనక ఏ ప్రాణీ బతకదు.

రాజలింగం మేనేజరు పక్కన తెర ముందు నిలబడ్డాడు. మనుషులు పైకి వస్తున్నారు, లైట్లు టిక్కుమంటున్నాయి, పేర్లు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. రెండు వందల పైచిలుకు ఉన్నది నూరైంది, నలభై అయింది. చివరకు గోడలు కట్టే తొమ్మిదిమంది పేర్లు మిగిలాయి. మూడు దారులు అప్పటికే మూసేశారు.

"వీళ్లు కాక లోపల ఎవరూ లేరు కదా?" అన్నారు సత్యవర్ధన్ గారు.

"లేరు సార్."

"ఖాయమేనా రాజలింగం?"

"ఖాయం సార్."

నాలుగో గోడ కట్టమని మేనేజరు ఫోనులో చెప్పారు.

పావుగంట గడిచిందో లేదో ల్యాంప్ రూము ఓదెమ్మ తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. భర్త గనిలో పోతే ఆ ఉద్యోగం ఇచ్చారు ఆమెకు. ఆఫీసు గదిలోకి వచ్చే అలవాటు లేదు. అందుకే గడప దాటలేదు.

"సారూ, మూడు వందల పదిహేడు రాలే," అంది.

రాజలింగం తెర మీద ఆ నంబరు వెతికాడు. "నిన్న రెండో షిఫ్టుల అప్పజెప్పిండ్రు. ఇగో, ఉన్నది చూడు."

"ఆడ ఏమున్నదో నాకు తెల్వది. చార్జింగు గూడు మాత్రం ఖాళీగున్నది."

"రిపేరుకు పోయిందేమో."

"రిపేరుకు పోలే. నా చేతుల్తోని ఇచ్చిన. పంపు ఫిట్టరు ఐలయ్యకు. మూడో ప్యానెల్ అడుగున పంపు ఆగిందని ఇంజనీరు సారు తోలితే వచ్చిండు. మిషిన్ టిక్కుమన్నది, ఇని మరీ పోయిండు."

రాజలింగానికి విసుగొచ్చింది. ఆ విసుగు ఆయనకు ఇప్పటికీ గుర్తుంది. "ఓదెమ్మా, అది నిన్నటి ముచ్చట. నిన్ననే ఇచ్చినవ్. ఇయ్యాల్టిదనుకుంటున్నవ్."

"నిన్న నేను సెలవు గద సారూ," అంది ఓదెమ్మ.

రాజలింగం వంగి సర్వర్ చిట్టా తెరిచాడు. తొమ్మిదీ యాభై రెండుకు మిషన్ ఆరిపోయింది. తొమ్మిదీ యాభై మూడుకు లేచింది. జర్నల్ చదివాను, అంతా సరిగా ఉంది అని రాసుకుంది. ఆరిపోయేముందు కడపటిసారి టిక్కుమన్న లైటు ఏదో ఆ చిట్టాలో లేదు. ఎక్కడా లేదు. డిస్కు తన చిన్న మెమరీలో పెట్టుకుని రాసేశానన్న ఆ ఒక్క వాక్యం, జర్నల్‌లో దాని ఆనవాలుతో సహా, కరెంటుతోపాటే పోయింది. అందులో ఒక మనిషి ఉన్నాడు.

రాజలింగం ముఖం చూసి సత్యవర్ధన్ గారే ఫోను అందుకుని హ్యాండిల్ తిప్పారు. గోడ కడుతున్న చోటికి ఫోను నూరు గజాల దూరం. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. మళ్లీ తిప్పారు. మోగుతోంది. ఇక్కడి నుంచి మనిషిని పంపితే నడిచి చేరడానికి ముప్పావు గంట. నాలుగోసారికి, గోడ పని చేయిస్తున్న ఓవర్‌మన్ ఎత్తాడు. ఆయాసపడుతున్నాడు.

"అయిపోయింది సార్. ఆఖరి ఇటుక పెట్టినం. సిమెంటు పూస్తున్నం."

"ఆగండి. లోపల ఐలయ్య ఉన్నాడంటున్నారు."

ఓవర్‌మన్ గొంతు చాలా మెల్లగా వచ్చింది. "సార్, ఇప్పుడు తెరిస్తే గాలి దూరుతది. మంట లేవొచ్చు, పేలొచ్చు. ఈడ తొమ్మిదిమందిమి ఉన్నం. ఉన్నడన్నది ఖాయమేనా సార్?"

సత్యవర్ధన్ గారు ఫోను చేత్తో మూసి రాజలింగం వైపు తిరిగారు. "ఒక్క మాట చెప్పు. లోపల మనిషి ఉన్నాడా, లేడా?"

ఇందాక అంత సులువుగా అన్న మాట ఇప్పుడు రాజలింగం నోట రాలేదు. ఉన్నాడంటే తొమ్మిది ప్రాణాలు. లేడంటే ఒక ప్రాణం. ఆయన చేతిలో ఉన్నది తెర ఒక్కటే. ఆ తెర మీద ఐలయ్య లేడు. "నాకు తెల్వదు సార్," అన్నాడు.

"ఉన్నడు," అంది ఓదెమ్మ. గడప దాటి లోపలికి వచ్చింది. "ఇగో, నేను చెప్తున్న. ఉన్నడు."

సత్యవర్ధన్ గారు ఆమె వంక చూశారు. ఫోను మీది చెయ్యి తీశారు. "ఓవర్‌మన్, మనిషి ఉన్నాడు. గాలి సిలిండరు తగిలించుకుని పోగలిగినవాళ్లు ఎందరున్నారు?"

"ముగ్గురం, సార్."

"ఆ ముగ్గురు తప్ప మిగతావాళ్లను పైకి పంపేయ్. మనిషి దూరేంత మేరకే తెరవండి. అతన్ని తెచ్చి వెంటనే మళ్లీ మూసేయండి."

ఆ తరువాతి రెండు గంటలు రాజలింగం గని నోటి దగ్గర నిలబడే ఉన్నాడు. ఎవరూ ఆయనను ఏమీ అనలేదు. ఎవరికీ ఇంకా తెలియదు. నేల లోపల ఎక్కడో ఒక దెబ్బ వినపడుతుందేమోనని అరికాళ్లతో వింటున్నాడు. బండి దొర్లినా, తలుపు పడినా గుండె ఆగేది. ముగ్గురి పేర్లూ, వాళ్ల పిల్లల పేర్లూ ఆయనకు తెలుసు. మొదట ఆరుగురు వచ్చారు. చాలాసేపటికి, నలుగురు.

ఐలయ్య పంపు పక్కన పడి ఉన్నాడట. ఊపిరి ఉంది. పనిముట్లు చేతిలోనే ఉన్నాయి, పంపు సగం విప్పి ఉంది. తనను పిలుస్తారని, పిలవలేదు కాబట్టి పైన ఏమీ కాలేదని అనుకుని ఉంటాడు. గోడను మళ్లీ మూసేశారు. పేలలేదు.

మర్నాడు రాజలింగం ఆస్పత్రికి వెళ్లాడు. ఐలయ్య కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. పక్కన అతని భార్య లచ్చవ్వ కూర్చుని ఉంది. ఈయన ఎవరో, ఏం చేశాడో ఆమెకు తెలియదు. గని సారు వచ్చాడని లేచి, కుర్చీ జరిపింది.

"ఒక్కటి అడుగుత సారూ," అంది. "మా ఆయన లోపలికి పోయిండని ఎవ్వలకూ ఎట్ల తెల్వకపాయె? లైటు తీసుకున్నప్పుడు మిషిన్ టిక్కుమన్నదట గద?"

రాజలింగం ఆ కుర్చీలో కూర్చోలేకపోయాడు. మెట్లు దిగి వచ్చేశాడు. ఆ సాయంత్రమే విచారణ కాగితం మీద తన పేరు, తాను చేర్చిన ఆ ఒక్క మాట రాసి సంతకం పెట్టాడు. ఐలయ్య మనుషులను పోల్చుకోవడానికి ఐదు నెలలు పట్టింది. మళ్లీ ఎన్నడూ గనిలోకి దిగలేదు. ఈనాటికీ పది మెట్లెక్కితే కూర్చుండిపోతాడు.

చెప్పడం అయిపోయింది. మేడ మీది గదిలో రజిత తన కాగితాన్ని చేతిలోకి తీసుకుంది.

"అంత పెద్ద అబద్ధం ఎట్ల చెప్పింది సార్ ఆ మిషన్?"

"అది అబద్ధం చెప్పలేదు బిడ్డా," అన్నాడు రాజలింగం. "నిజంగా రాసినవా అని డిస్కును అడగొద్దని దానికి నేనే చెప్పిన. అది అడగలేదు, అంతే."