సొరబుర్రల మీద దూది

రేలకోన అడవిలో ఏనుగులు, దుప్పులు, కోతులు, ఉడుములు, గిజిగాళ్లు కలిసి ఉండేవి. వేసవి వచ్చేసరికి అక్కడి వాగులన్నీ ఎండిపోయేవి. అప్పుడు ఇసుకలో చెలమలు తవ్వుకుని తాగడమే దిక్కు. కానీ ఏటా వానలకు కొత్త ఇసుక కప్పేసి, ఏ చెలమ ఎక్కడుందో ఆనవాలు కూడా మిగిలేది కాదు.

అందుకని జంతువులు ఒక్కో చెలమ గుర్తులు ఒక్కో తాటాకు మీద ముల్లుతో గీసి, ఒక గుహలో ఒక్కో జాతికి ఒక్కో వరుసగా పేర్చి ఉంచాయి. ఏ రాయి నుంచి ఎన్ని అడుగులు, ఎంత లోతు తవ్వాలి, అన్నీ అందులో ఉండేవి. ఆ ఆకులు పోతే వేసవిలో గొంతు తడవదు.

ఆ గుహకు కాపలాదారు గట్టయ్య అనే ఉడుము. రోజూ పొద్దున్నే ప్రతి వరుసలో ముందున్న ఆకును తోకతో తట్టి, టక్కుమంటే "బాగుంది" అనేవాడు. పదేళ్లుగా అదే పని. "గట్టయ్య ఉండగా మనకేం భయం!" అని ఎవరైనా అంటే చాలు, ఆ పూటకి అతడికి ఆకలి వేసేది కాదు.

ఒక ఏడాది చెదపురుగులు మూడు ఆకులు తినేశాయి. అప్పుడు నారయ్య అనే గిజిగాడు ఒక ఉపాయం చేశాడు. ప్రతి వరుస వెనకా చెదలకు ఇష్టమైన ఎండుగడ్డి పోగు కట్టాడు. పోగు చివర గులకరాయి వేలాడదీశాడు. దాని కింద ఎండిన సొరబుర్ర పెట్టాడు. చెదలు వస్తే ముందు పోగు కొరుకుతాయి. పోగు తెగి, రాయి సొరబుర్ర మీద పడి డంగుమని మోగుతుంది. ఎవరూ కూర్చుని కనిపెట్టుకుని ఉండనక్కరలేదు.

వారం తిరక్కుండానే ఒక సొరబుర్ర మోగింది. అందరూ పరుగున వెళ్లి చెదలు దులిపేశారు. ఒక్క ఆకు కూడా పోలేదు.

"చల్లగా ఉండు నాయనా! ఇక ఈ అడవికి బెంగ లేదు" అంది ఏనుగు పెద్దమ్మ.

గట్టయ్యకు కడుపు మండిపోయింది. తోక అరిగేలా పదేళ్లు తట్టింది తానైతే, మెప్పు ఆ పిడికెడు పిట్టకా? నారయ్య గూటి కింద నిలబడి పొగిడేవాళ్లను చాటు నుంచి లెక్కపెట్టాడు. ఎనిమిది మంది. ఆ రోజు తన దగ్గరకు వచ్చింది ఒక్క దుప్పి. అదీ దారి అడగడానికి.

"నీ పని తేలికైంది కదయ్యా, ఏడుస్తావెందుకు?" అంది అతడి భార్య.

"తేలిక చేయమని ఎవరడిగారు?" అని కసిరాడు గట్టయ్య.

మర్నాడు అతడు బూరుగు దూది తెచ్చి ప్రతి సొరబుర్ర మీదా మందంగా పరిచాడు. ఆకులు పాడు చేయాలని కాదు సుమా! చెదలను తానే ముందుగా పట్టాలి, తానే కేక వేయాలి, పిట్ట పనితనం ఉత్తదేనని అందరూ అనుకోవాలి. అదీ అతడి ఆశ. అందుకే రెట్టింపు గట్టిగా తట్టడం మొదలుపెట్టాడు. ఆ సొరబుర్రలను చూస్తేనే ఒళ్లు మండేది కాబట్టి వాటి వైపు మాత్రం తల తిప్పేవాడు కాదు.

చెదలు వెనక నుంచి వచ్చాయి. పోగు తెగింది. రాయి దూది మీద మెత్తగా పడింది. ఆ పొద్దున కూడా గట్టయ్య ముందున్న ఆకును తట్టాడు. టక్కుమంది. "బాగుంది" అన్నాడు.

వేసవి వచ్చింది. తమ గుట్ట కింది చెలమల కోసం గట్టయ్య ఉడుముల వరుస తీశాడు. ముందున్న ఆకు చేతికి వచ్చింది. దాని వెనక అంతా మట్టే. ముందాకు మీదున్న చెలమ నిరుడే ఇంకిపోయింది. గట్టయ్య గొల్లుమన్నాడు. అందరూ పరుగెత్తుకొచ్చారు.

"మరి సొరబుర్ర మోగలేదేం?" అంది ఏనుగు పెద్దమ్మ.

"నా కట్టుడులోనే తప్పుందేమో పెద్దమ్మా" అంటూ నారయ్య వరుస వెనక్కి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ముక్కున దూది ఉంది. దాన్ని నేల మీద పెట్టి, "రాయి పడింది. దీని మీద పడింది" అన్నాడు.

గట్టయ్య తల వంచుకున్నాడు.

"నేనే పరిచాను. వీడికి పేరు రావడం చూడలేకపోయాను."

దూదంతా తీసేశారు. ఆ మధ్యాహ్నమే దుప్పుల వరుసలో డంగుమంది. వెంటనే వెళ్లి ఆకులన్నీ కాపాడుకున్నారు. గుహ బాధ్యత నారయ్యకు అప్పగించారు.

ఉడుముల గుట్టకు మాత్రం ఆ ఏడు నీళ్లు లేవు. ఉడుములన్నీ పిల్లలతో మూడు కొండలు దాటి ఏనుగుల చెలమకు వెళ్లాయి. అందరూ తాగేదాకా ఎండలో చివరన నిలబడ్డాయి.

"ఆ రాయి చప్పుడు వినబడి ఉంటే మన గుట్ట దగ్గరే తాగేవాళ్లం కదయ్యా" అంది భార్య.



నీతి: ఎదుటివాడి మంచి పేరు ఓర్వలేక అతడి పనిని నొక్కిపెడితే, మనల్ని కాపాడే హెచ్చరిక కూడా మనకు వినబడదు.