వెంట్రుకవాసి పెరిగిన రెక్క

నిప్పుగాలికి తిరిగే చక్రం ఒకటి ఉండేది. దానికి నలభై రెక్కలు, చుట్టూ గుండ్రటి గోడ. రెక్క కొసకీ గోడకీ మధ్య వెంట్రుకవాసి ఎడం. ఆ ఎడం ఉన్నంతకాలం చక్రం తిరుగుతుంది, ఊళ్లో దీపాలు వెలుగుతాయి.

వాటిలో ఏడో రెక్క ఇరవై ఏళ్లుగా నిప్పులో ఉంది. నికెల్‌లో మరికొన్ని లోహాలు కలిపి పోసిన ఒళ్లు దానిది. మొదట్లో వేడే దాన్ని గట్టిపరిచింది. ఇంకా కాగేకొద్దీ ఇంకా రాటుదేలుతున్నానని దాని నమ్మకం. తుప్పు పట్టలేదు, పగుళ్లు రాలేదు. పైగా కాస్త పొడవు పెరిగింది.

ఆ ఏడాది చక్రం ఆపారు. చక్రం కాపరి వెంట ఒక పరీక్షకురాలు వచ్చి ఏడో రెక్క దగ్గర ఆగింది.

"దాన్ని వదిలెయ్యమ్మా," అన్నాడు కాపరి. "దాని మొహం చూసే మిగతావి తిరుగుతున్నాయి."

"మొహానికేం, బాగానే ఉంది," అంటూ ఆమె కొలిచింది.

"వచ్చిన రోజుకన్నా పెరిగాను. రాసుకో తల్లీ," అంది రెక్క.

"నీ మీద ఫిర్యాదే అది. ఇంకాస్త పెరిగితే గోడకు తగులుతావు. నీతోపాటు ముప్పై తొమ్మిదీ పోతాయి."

పక్కనున్న ఎనిమిదో రెక్క కిసుక్కుమంది. అది రెండేళ్లు చిన్నది. "దిష్టి తీయించుకుంటావేమో అనుకున్నాను," అంది.

"నన్ను గట్టిపరిచిన నిప్పే చెడగొట్టిందంటావా?" అంది ఏడోది.

"పాకం కాగితేనే కుదురుతుంది. దించకపోతే ముదురుతుంది," అందామె. "నీ లోపల ఇసుకలాంటి సన్నటి లోహపు పలుకులు కోట్లకొద్దీ కాపలా కాసేవి. నీ బలమంతా వాటిదే. ఏళ్ల తరబడి కాగేసరికి పెద్దవి చిన్నవాటిని మింగాయి. ఇప్పుడు కాపలాదార్లు తక్కువ, పొట్టలు పెద్దవి. ఆ సందుల్లోంచే నువ్వు సాగిపోతున్నావు."

కాపరి నెత్తి గోక్కున్నాడు. "అయితే తీసి పారేయడమేనా?"

"ఇంకో దారుంది. ఇది ఎన్నడూ ఎరగని వేడిలో పెట్టాలి. మింగినవన్నీ కరిగి ఒంట్లో కలిసిపోతాయి. తర్వాత కొలతగా కాగబెడితే సన్నవి మళ్లీ పుడతాయి. పెరిగిన కొస అరగదీయాలి."

"నా ఇరవై ఏళ్లో?" అంది రెక్క.

"అవీ కరుగుతాయి."

రెక్క గోడవంక చూసింది. ఎడం సగం కూడా మిగల్లేదు.

"పెట్టండి," అంది.

నెల తర్వాత దాన్ని తెచ్చి పాత చోటే బిగించారు.

"ఏమక్కా, నీ సర్వీసెంత?" అంది ఎనిమిదోది.

"ఇవాళే చేరాను."

"అయితే ఇకనుంచి నువ్వే నన్ను అక్కా అనాలి."

"సరే అక్కా," అంది ఏడో రెక్క. కాపరి నిప్పుగాలి వదిలాడు.