వంకరవేలి వాళ్ళ కోట పెళ్ళిళ్ళు

పడుకోండి, పొట్టి కథ చెబుతాను. చంటిది ఆవులింత మొదలుపెట్టి ముగించేలోపు అయిపోతుంది.

అనగనగా ఎర్రగట్టని ఒక ఊరు. ఆ ఊరి మిరపకాయలు మహా ఘాటు. మీ తాతయ్య ఒకసారి అక్కణ్ణించి బస్తా తెచ్చి, వీటిలో ఘాటేముందని ఒకటి కొరికి చూపించి, మర్నాటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇల్లెంత ప్రశాంతంగా ఉందో. సరే, ఇది మిరపకాయల కథ కాదు, పెళ్ళి కథ. ఊ కొడుతున్నారా? కొట్టండి. మీకోసం కాదు, నాకు నిద్ర రాకుండా.

ఆ ఎర్రగట్టులో నరసాయమ్మని ఒకావిడ. ఆవిడ కుడికాలి బొటనవేలు వంకర. పక్కింటివాళ్ళేం మాట్లాడుకుంటున్నారో వినడానికి తిరిగినట్టు పక్కకి తిరిగి ఉండేది. ఇంటికెవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ వేలు చూపించేది. ఇది కోటలో నా పెళ్ళినాడు తగిలిన దెబ్బ, మా వంశంలో పెళ్ళిళ్ళన్నీ రాజుగారి కోటలోనే, మా అత్తకీ ఇదే వేలు, మా అత్తగారి అత్తకీ ఇదే వేలు అనేది. చుట్టాలు ఆ వేలికి దణ్ణం పెట్టేవాళ్ళు. మన వీధిలోనూ ఉన్నారు అలాంటి చుట్టాలు, పేర్లు చెప్పను, రేపు పొద్దున మజ్జిగకొస్తారు.

ఆవిడ కొడుకు గవరయ్య. ఎవరేమన్నా సరేననే మనిషి. అతని పెళ్ళి ఒక్కటే కోటలో జరగలేదు. వరహాలనే పిల్లతో, వడ్లు నూర్చే కళ్ళంలో పందిరేసి చేశారు. ఇక ఆనాటినుంచి కోడలికి పేరు లేదు. కళ్ళందానా నీళ్ళు తోడు, కళ్ళందానా పేడ తియ్యి, కళ్ళందానా ఇంకా తినడం కాలేదా. వంశానికి మచ్చ తెచ్చావంటుంది. పందిరి ఎక్కడ వెయ్యాలో పెళ్ళికూతురు చెబుతుందా? చెప్పదు. అయినా తిట్లు పెళ్ళికూతురికే. అత్త కోపం కోడలి మీద, కోడలి కోపం రోకలి మీద, రోకలి కోపం రోటి మీద, రోటి కోపం పచ్చడి మీద. ఆ పచ్చడి తిన్న గవరయ్యకి ఏళ్ళ తరబడి కళ్ళమ్మట నీళ్ళు.

ఇలా ఉండగా వరహాలు కొడుకు పైడయ్యకి సంబంధం కుదిరింది. వాళ్ళలో పెళ్ళి మగపిల్లాడి వైపే చేస్తారు. నరసాయమ్మ బంధువులందర్నీ కూచోబెట్టి, వేలు ముందుకి చాపి చెప్పింది. పెళ్ళి కోటలోనే. కళ్ళంలో తాళి కట్టించుకున్నది పందిట్లో అడుగుపెట్టకూడదు. కొడుకు తలకి నూనె పెట్టకూడదు. తలంబ్రాలు కలపకూడదు.

మరి నేనేం చెయ్యాలని అడిగింది వరహాలు.

"ఇంటిదగ్గర కుక్కని చూసుకో" అంది నరసాయమ్మ.

కన్నకొడుకు పెళ్ళి అది. వరహాలు గవరయ్య వైపు చూసింది. గవరయ్య కుక్క వైపు చూశాడు. వరహాలు చేతిలో చేటని కింద పెట్టింది. ఎంత మెల్లగా పెట్టిందంటే, కుక్క లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఆ కోట పెళ్ళిళ్ళు చూసినవాళ్ళెవరో తేలుస్తాను, అబద్ధమని తేలిందా, నన్నాపే మొగాడెవడో చూస్తాను అని చెంగు బిగించి బయల్దేరింది.

ముందు వంశాలు పాడేవాడి దగ్గరికి వెళ్ళింది. ఏడాదికోసారి వచ్చి తాతముత్తాతల పేర్లు పాడి బియ్యం పట్టుకెళతాడే, అతను. కోట మాట మా తాత పాడిందేనమ్మా, దానికి బంగారు తలుపులు మాత్రం నేను పెట్టాను, మీ అత్తగారు బియ్యం బాగా పోసిన ఏడు, అన్నాడు.

తరవాత ఆ ఇంటి ముసలి కోడళ్ళనందర్నీ అడిగింది. అందరికీ వంకరవేళ్ళే. కోట ఎలా ఉందంటే ఒక్కరూ చెప్పలేకపోయారు. పెళ్ళికూతురంటే తల వంచుకోవాలి కదే, ఎవరు చూశారు, కోటన్నారు కోటనుకున్నాం అన్నారు. చూశారా? తాళి ఎక్కడ కట్టించుకున్నారో తెలియదు, ఊళ్ళో మిగతా అందరి పెళ్ళిళ్ళకీ వంకలు పెట్టేది వీళ్ళే.

ఇక మిగిలింది దయ్యం. భయపడకండి, మీ పెద్దత్తకంటే మెతక. అది నరసాయమ్మ అత్తగారు అచ్చియ్యమ్మ, చచ్చిపోయి వడ్లగాదెలో కాపురముంటోంది. వరహాలు మిట్టమధ్యాహ్నం గాదె మూత తీసి, ఆకువక్క లోపలేసి అడిగింది: "మామ్మా, పైన చూడలేదు సరే, తల వంచుకున్నావు కదా, కింద ఏం చూశావు?"

ఆ మాట ఎవరూ అడగలేదట అంతవరకూ. దయ్యం నములుతూ నములుతూ చెప్పింది. కింద నేలలో దిగేసిన ఇనప కడియం ఉందే, ఏడడుగులు వేస్తుంటే తగిలి వేలు విరిగింది, అబ్బా అన్నాను, పెళ్ళికూతురు నోరెత్తకూడదన్నారు, చచ్చినా సలుపు పోలేదు, మూత వెయ్యి.

వరహాలు కోటకి వెళ్ళింది. చావిడి చూసింది, నేల నున్నగా ఉంది. కొలువుకూటం చూసింది, నేల నున్నగా ఉంది. వంటసాల చూసింది, నేల జిడ్డుగా ఉంది కానీ నున్నగానే ఉంది. గుర్రాలసాల చూసింది, అక్కడ నేలే కనపడలేదు. ఆఖరికి మెట్లు దిగితే చెరసాల. చెరసాల నట్టనడుమ, ఖైదీల గొలుసు తగిలించే ఇనప కడియం.

ఆవిడ ఆ కడియం వంకే చూడటం చూసి కాపలావాడు, ఎర్రగట్టు వంకరవేలి వాళ్ళా అని నవ్వాడు. "మీ ఇంటి మగాళ్ళకి పెళ్ళినాడు కోపం రాకుండా ఉండదు కదమ్మా. ఒకాయన పులుసులో ఉప్పు చాల్లేదని మామగారి పాగా పీకాడు. ఒకాయన డోలు చీల్చాడు. ఒకాయన ఆపబోయిన మా తాత పళ్ళు రాలగొట్టాడు. తెచ్చి ఇక్కడ గొలుసేసేవాళ్ళం. ముహూర్తం ఆగదుగా, పెళ్ళికూతుర్నీ పురోహితుణ్ణీ ఇక్కడికే దింపేవాళ్ళు. మరి మీ పెళ్ళినాడు మీ ఆయన రాలేదేం?"

"ఆయనకి కోపం రాలేదు" అంది వరహాలు.

ఆ మాట తన నోటితో తను అన్నాక తెలిసొచ్చింది వరహాలుకి. ఇన్నేళ్ళూ తిట్లు తిన్నది, మొగుడు పెళ్ళినాడు ఎవర్నీ కొట్టనందుకు. కళ్ళంలో పెళ్ళి మచ్చానూ, చెరసాలలో పెళ్ళి ఘనకార్యమూనా? మెట్లెక్కి ఇంటికొచ్చేసరికి ఆవిడ మొహం చూసి కుక్క మళ్ళీ లేచింది. వరహాలు ఉన్నదున్నట్టు అత్తకి చెప్పింది. కుళ్ళుబోతు మాటలంది నరసాయమ్మ.

ఈలోపు గవరయ్య కోట అడగడానికి రాజుగారి దగ్గరికి వెళ్ళాడు. మీ పెద్దలు ఎక్కడ చేసుకున్నారో అక్కడే చేసుకోండి, కాపలావాడు చూపిస్తాడు అన్నాడు రాజు.

పెళ్ళినాడు మేళాలతో అంతా బయల్దేరారు. వరహాలూ బయల్దేరింది, కుక్కని కూడా తోలుకుని. కుక్కని చూసుకోమన్నారు, చూసుకుంటున్నానంది. కాపలావాడు వాళ్ళని చావిడి దాటించాడు, కొలువుకూటం దాటించాడు, మెట్లు దింపాడు, చెరసాల తలుపు తీశాడు. నరసాయమ్మ లోపలికెళ్ళి కడియం చూసింది. తన వేలు చూసుకుంది. మళ్ళీ కడియం చూసింది. చూసి, చేతికర్రతో కాపలావాణ్ణి కొట్టింది.

కాపలావాడు ఆవిడకి గొలుసేశాడు. ఆ ఇంటివాళ్ళకి వెయ్యడం వాళ్ళకి తాతలనాటి అలవాటు.

పురోహితుడు ముహూర్తం దాటిపోతోందన్నాడు. నరసాయమ్మ గొలుసులోంచే, కళ్ళందానా, నువ్వు లోపలికి రాకు అంది.

"అత్తా, నువ్వు బయటికి రాలేవు. నేను లోపలికి రాగలను. ఇద్దరం ఒకచోట ఉండకూడదంటే, ఎవరు వెళ్ళాలో నువ్వే చెప్పు" అంది వరహాలు. లోపలికొచ్చింది. కొడుకు తలకి నూనె పెట్టింది. తలంబ్రాలు కలిపింది. ఏడడుగులప్పుడు కొత్తకోడలి గడ్డం పట్టుకుని పైకెత్తి, "తలెత్తి నడు తల్లీ, అక్కడ కడియం ఉంది" అంది. పిల్ల చూసుకుని దాటింది. ఆ వంశంలో తిన్నటి వేలున్న పెళ్ళికూతురు వరహాలు తరవాత ఆ పిల్లే.

మీరూ అంతే, ఎవరెంత వంచమన్నా, నడిచేటప్పుడు కళ్ళు తెరిచి నడవండి. ఊ అనరేం?

పెళ్ళయ్యాక రాజుగారు పెద్దదానివని నరసాయమ్మ గొలుసు విప్పించాడు. ఆవిడ రానంది. కోటలో ఉన్నదాన్ని కళ్ళందాని ఇంటికెందుకు వెళతానంది. ఇప్పటికీ అక్కడే ఉంటోంది. కొత్తగా ఎవర్ని పట్టుకొచ్చినా మంచినీళ్ళకంటే ముందు వేలు చూపిస్తుంది. ఖైదీలే తమని వేరే చెరసాలకి మార్చమని రాజుగారికి మొరపెట్టుకున్నారు. ఇక్కడ గవరయ్య పచ్చడి తింటున్నాడు, కళ్ళమ్మట నీళ్ళు రావడం లేదు.

కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పట్ల దారి పట్టండి.