నాంచారమ్మ పాక మీద సొరకాయ

1984, వరికోతలూ మాసూళ్ళూ అయిపోయిన చలికాలం. మా మడవపాలెం చర్చిలో యోబు అయ్యగారి దగ్గర పాస్టరు పని నేర్చుకుంటున్న తీతు అనే యువకుడు ఒక శుక్రవారం మధ్యాహ్నం విసురుగా వచ్చి అడిగాడు.

"అయ్యగారూ, వద్దన్నవాళ్ళకి సాయం ఎట్లా చేస్తామండీ?"

అయ్యగారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. కండువా భుజాన వేసుకుని బయలుదేరతారు. అడిగినవాడు వెనక నడవాల్సిందే.

సంగతి ఏమిటంటే, చర్చి గోడను ఆనుకుని ఉన్న పాకలో వీరాస్వామి కాపురం. కల్లుగీత అతని వృత్తి. ఆ వారం తాడిచెట్టు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. బందరు ఆసుపత్రిలో రాడ్డు వెయ్యాలన్నారు. మంగళవారంలోగా ఎనిమిది వందలు కడితే వేస్తామని, లేకపోతే కట్టు కట్టి పంపించేస్తామని చెప్పారు. అట్లా పంపిస్తే అతను ఇక చెట్టెక్కే మాట లేదు. భార్య నాంచారమ్మ డబ్బు కోసం ఊరికి వచ్చి నాలుగిళ్ళు తిరిగింది. అప్పు పుట్టలేదు.

ఇరుగుపొరుగుకి ఆపద వస్తే ఇవ్వడానికి మా చర్చిలో ఒక డబ్బా ఉండేది. అందులో ఉన్న వంద రూపాయలూ కవరులో పెట్టుకుని తీతు వెళ్ళాడు. నాంచారమ్మ కవరు వంక కూడా చూడలేదు.

"మీ గుడికి మేం ఏనాడైనా ఏమైనా పెట్టామా బాబూ? పెట్టని చోట చెయ్యి చాపటం మా ఇంటావంటా లేదు. పొయ్యిరా" అంది.

అదీ తీతు కోపం. ఇప్పుడు అయ్యగారు నేరుగా ఆ పాక ముందుకే వెళ్ళి నిలబడ్డారు. వీరాస్వామి గురించి అడిగారు. కవరు మాట ఎత్తలేదు. పాక మీదికి చూశారు. సొరతీగ కప్పంతా అల్లుకుని ఉంది.

"నాంచారమ్మా, ఆదివారం మా కోత పండుగ. దేవుడి దగ్గర పెట్టడానికి ఒక సొరకాయ ఇస్తావా?"

ఆమె ముఖం ఆ పూట మొదటిసారి విప్పారింది. "అదెంత భాగ్యం! ఇప్పుడు కోస్తే వడిలిపోద్ది అయ్యగారూ. ఆదివారం పొద్దున్నే లేతది చూసి కోసుకొస్తాను."

దారిలో తీతు ఉండబట్టలేకపోయాడు. "ఇవ్వాల్సిన చోట అడుక్కొచ్చామేంటండీ?"

అయ్యగారు కండువా సర్దుకున్నారు.

కోత పండుగనాడు మా వాళ్ళు పొలంలో పండింది, దొడ్లో కాసింది తెచ్చి గుళ్ళో ప్రభువు బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. కొన్నవాడు డబ్బు కట్టి వస్తువు తీసుకుపోవచ్చు. మనసైతే "మళ్ళీ పెట్టండి" అని తిరిగి ఇచ్చేయవచ్చు. అప్పుడు అదే వస్తువు మళ్ళీ వేలానికి వస్తుంది. ఆ ఏటి వేలం డబ్బుతో గంట కొనాలని తీర్మానం. అప్పటిదాకా మా గుడికి రైలుపట్టా ముక్కే గంట. డబ్బు చూసే జక్రయ్య తానే బందరు వెళ్ళి, కంచు గంట బేరం చేసి, ఏభై రూపాయలు బయానా ఇచ్చి వచ్చాడు. దాని మోత పక్క ఊరికి వినిపిస్తుందని నెల రోజులుగా చెబుతున్నాడు.

ఆ ఆదివారం వడ్ల బస్తాలూ కోళ్ళూ గుమ్మడికాయలూ ఉండగా అయ్యగారు ముందు సొరకాయ ఎత్తారు.

"ఇది నాంచారమ్మ ఇచ్చింది" అన్నారు. అంతే.

జక్రయ్యకి అనుమానం వచ్చింది. "అయ్యగారూ, ఈ కాయ డబ్బు గంటకా, ఆసుపత్రికా?"

"కాయ ఎవరిచ్చారో నేను చెప్పాను. డబ్బు ఎక్కడికో కొనేవాళ్ళు చెప్పాలి."

"అది కాదండీ. కల్లు మానండని మనమే చెబుతాం. కల్లు గీసేవాడి కాలు మనమే బాగుచేయిస్తే ఎట్లా?"

వెనక నుంచి ముసలి మార్తమ్మ లేచింది. "ఒరే జక్రయ్యా, మీ నాయన తాగిన కల్లు ఎవరు గీశార్రా? పది రూపాయలు నా పాట. ఆసుపత్రికి. మళ్ళీ పెట్టండి!"

గుడంతా నవ్వింది. ఆ నవ్వులోనే పాట పదిహేనైంది, ఇరవై అయింది. కొన్నవాడల్లా "మళ్ళీ పెట్టండి" అంటున్నాడు. సొరకాయ ఆడవాళ్ళ వైపు వెళ్ళి మగవాళ్ళ వైపు వచ్చింది. పట్టుకున్న చేతులకి దాని నూగంతా రాలిపోయింది.

నాంచారమ్మ గుమ్మం బయట నిలబడి చూస్తోంది. ఇక ఆగలేక లోపలికి వచ్చేసింది. "ఆగండయ్యా! ఒక్క కాయ కోసం ఇంతమంది కొట్టుకుంటారా? ఇంకో మూడున్నాయి మా పాక మీద. ఊరికే కోసుకుపోండి!"

ఈసారి నవ్వుతూ చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. చివరి పాట జక్రయ్యది. ఎనిమిది వందలకి ఎంత తక్కువైందో అతనికే తెలుసు. అంతా పాడి, కాయ చంకన పెట్టుకుని, "ఇక పెట్టను. నలిగిపోయింది, కూర వండిస్తాను" అన్నాడు. ఆ తర్వాత కోళ్ళు ఎత్తితే పాడేవాడు లేడు. అందరి జేబులూ ఖాళీ. బస్తాలు, కోళ్ళు తెచ్చినవాళ్ళే వచ్చినకాడికి ఇచ్చి తీసుకుపోయారు.

డబ్బు మూట చేతికిస్తే నాంచారమ్మ వెనక్కి జరిగింది. "కాయ నేను దేవుడికిచ్చాను. మళ్ళీ నాకెందుకు?"

అయ్యగారు నోరు తెరిచేలోగా జక్రయ్యే అందుకున్నాడు. "ఇందాకటి నుంచీ చూశావుగా అమ్మా. మా గుళ్ళో చేతికొచ్చింది తిరిగి ఇచ్చేస్తాం. ఇప్పుడు దేవుడు మళ్ళీ పెట్టాడనుకో. బస్సు పోతుంది, బయలుదేరు."

ఆమె మూట కొంగున ముడివేసుకుంది.

సాయంత్రం జక్రయ్య ఇంటి నుంచి సొరకాయ కూర వచ్చింది. తీతు రెండు ముద్దలు తిని ఆగాడు. "అయ్యగారూ, నా ప్రశ్నకి..." అని మొదలుపెట్టాడు.

"వీరాస్వామి ఇంటికి రానీ" అన్నారు అయ్యగారు. "వచ్చాక వెళ్ళి ఇంకో సొరకాయ అడిగి తీసుకురా. ఈసారి మనం వండుకోవడానికి."

వీరాస్వామి ఆ మరుసటేడు చెట్టెక్కాడు. మా గుడికి ఇప్పటికీ గంట లేదు. బందరులో ఇచ్చిన బయానా తిరిగి రాలేదు.